పసిబిడ్డకు షుగరు: తల్లి చేసిన తప్పేమిటి?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ పూట వంటల సంగతీ, కుట్టుపని సంగతీ పక్కన పెట్టి కాస్త పెద్ద విషయమే ఎత్తుకున్నాను. పదో తరగతితో చదువు చాలించిన ఈవిడేమిటి, జీవకణాల గురించి చెప్పటమేమిటి అని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కాని ఒక పసిబిడ్డ తల్లి కంట నీరు చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. డాక్టర్లను అడిగి, చదువుకున్న పిల్లలచేత చదివించుకుని, నాకు బోధపడినంతవరకు నా మాటల్లో చెబుతాను. వినండి.

మా పక్క వాటాలో ఒక కుటుంబం ఉంటోంది. ఆ ఇంటి కోడలు తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లి, మూడో నెలలో మగబిడ్డను ఎత్తుకుని వచ్చింది. పుట్టినప్పుడే బరువు తక్కువట. బిడ్డ ఆవురావురుమని పాలు తాగుతాడు గాని ఒళ్లు చెయ్యడు. వేసిన గుడ్డ వేసినట్టే తడిపేస్తాడు. ఉతకడానికి మూల వేసిన గుడ్డలకు చీమలు పట్టాయి. “అన్ని పాలు తాగితే తడపడూ మరి?” అని పెద్దవాళ్లు సర్ది చెప్పారు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే మాట అన్నాను. నాలుగు రోజులు గడిచేసరికి బిడ్డ డొక్కలెగరేస్తూ మగతగా పడిపోయాడు. ఆసుపత్రికి పరుగెత్తారు. చూస్తే రక్తంలో చక్కెర 500 దాటి ఉంది. మూడు నెలల బిడ్డకు షుగరు!

సకాలంలో ఇన్సులిన్ పడింది కాబట్టి బిడ్డ దక్కాడు. ఆ తర్వాత వాడి నెత్తురు జన్యు పరీక్షకు పంపించారు. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. “ఇన్సులిన్‌కు సంబంధించిన జన్యువులోనే చిన్న తేడా ఉంది. అందువల్ల దాన్ని తయారుచేసే కణాలు స్ట్రెస్‌కు లోనై నశించిపోతున్నాయి” అని డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాటలన్నీ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఒక్క ‘స్ట్రెస్’ మాత్రం మిగిలింది.

ఆ పిల్ల అత్తగారు చెడ్డ మనిషేమీ కాదు. కాని మనవడి మీది బెంగతో నోరు జారింది. “వాళ్ల నాన్న పోయాడని ఏడో నెల కడుపుతో రాత్రింబవళ్లు ఏడ్చింది. వద్దమ్మా, బిడ్డకు తగులుతుందమ్మా అన్నాను. వింటేనా! ఆ దిగులే బిడ్డ ఒంట్లో చేరింది” అంది. ఆ సాయంత్రం కోడలు పిల్ల మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, “నేను ఏడవకుండా ఉండాల్సింది కదా పిన్నిగారూ?” అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. కన్నతండ్రి పోతే ఏ కూతురు ఏడవకుండా ఉంటుంది?

మర్నాడు దానితో పాటు నేనూ డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆవిడ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. “స్ట్రెస్ అంటే ఈ తల్లి మనసులోని దిగులు కాదండీ. బిడ్డ కణంలోని పనిభారం. రెంటికీ ఏ సంబంధమూ లేదు” అంది. ఇప్పుడు నేను మీకు చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వివరణ.

మన జీర్ణాశయం వెనకగా క్లోమం అని ఒక గ్రంథి ఉంది. అందులో చిన్న చిన్న దీవుల్లాంటి గుంపుల్లో బీటా కణాలని ఉంటాయి. రక్తంలో చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్‌ను తయారుచేసేవి ఇవే. పని ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక్కొక్క కణం నిమిషానికి 10 లక్షల దాకా ఇన్సులిన్ అణువులు తయారు చేయగలదని శాస్త్రజ్ఞుల లెక్క. పెళ్లివారింటి వంటశాల కూడా దాని ముందు ఎందుకూ కొరగాదు.

ఇన్సులిన్ ఒక ప్రొటీను. పూసల దండ అనుకోండి. మొత్తం 51 పూసలు, రెండు పేటలు. ఒక పేటలో 21, రెండో పేటలో 30. ఏ పూస పక్కన ఏ పూస ఉంటుందో ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ తేల్చారు. అందుకు ఆయనకు 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే పూసల వరస తెలిస్తే చాలదు, ఆ దండ ఎలా మడతపడుతుందో కూడా తెలియాలి. అది కనిపెట్టింది ఒక స్త్రీ అని చెప్పడానికి నాకు సంతోషంగా ఉంది. ఆవిడ పేరు డొరొతీ హాడ్జ్‌కిన్. ముగ్గురు బిడ్డల తల్లి. చేతులు కీళ్లవాతంతో వంకర్లు తిరిగినా, 30 ఏళ్లకు పైగా పట్టు విడవకుండా పనిచేసి 1969లో ఇన్సులిన్ ఆకారాన్ని లోకానికి చూపించింది.

ఈ మడతలు వేసే పని కణం లోపల ఒక ప్రత్యేకమైన గదిలో జరుగుతుంది. దాన్ని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అంటారు. నోరు తిరగని పేరు కదూ? మనం మడతగది అనుకుందాం. ముందు ఒకే పొడుగాటి దండగా గుచ్చి, ఈ గదిలో మడిచి, మూడు చోట్ల గంధకపు కొక్కేలతో బిగిస్తారు. ఆ తర్వాత మధ్య ముక్క కత్తిరించి తీసేస్తే రెండు పేటల ఇన్సులిన్ తయారవుతుంది. మడత సరిగ్గా పడితేనే అది పనికి వస్తుంది.

మడత తప్పితే ఏమవుతుంది? దీనికి మన కజ్జికాయలను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. పండక్కి కజ్జికాయలు చేస్తాం. పూర్ణం పెట్టి, అంచులు కలిపి, గట్టిగా నొక్కి మడత వేస్తాం. ఒకటి సరిగ్గా అంటుకోలేదనుకోండి. మూకుట్లో వెయ్యగానే విచ్చుకుంటుంది. పూర్ణమంతా నూనెలో పడి మాడుతుంది. నూనె నల్లబడుతుంది. ఆ మీదట వేసిన మంచి కజ్జికాయలకు కూడా మాడువాసన అంటుకుంటుంది. పోయింది ఒక్క కజ్జికాయ కాదు, వాయి మొత్తం.

అప్పుడు తెలివైన ఇల్లాలు ఏం చేస్తుంది? మూడు పనులు చేస్తుంది. మొదటిది, మంట తగ్గించి, కొత్తవి వెయ్యడం కాసేపు ఆపుతుంది. రెండోది, చిల్లుల గరిటెతో మాడినదంతా దేవి పారేస్తుంది. మూడోది, “కాస్త ఇటు రండర్రా” అని తోటికోడలినో ఆడపడుచునో సాయానికి పిలుస్తుంది. ఆశ్చర్యమేమిటంటే, కణం కూడా సరిగ్గా ఈ మూడు పనులే చేస్తుందట. కొత్త ప్రొటీన్ల తయారీ తగ్గిస్తుంది. మడత తప్పినవాటిని బయటకు నెట్టి నాశనం చేస్తుంది. మడతలు వెయ్యడానికి సాయపడే వేరే ప్రొటీన్లను ఎక్కువగా పుట్టిస్తుంది. మడతగదిలో చెత్త పేరుకున్న ఈ అవస్థనే కణం మీది ఒత్తిడి అంటారు. మూడు ఉపాయాలూ పారకపోతే నాలుగోది ఒకటుంది. పొయ్యి ఆర్పేయడం. అంటే కణం తనంతట తానే చచ్చిపోతుంది. బీటా కణాలు ఇలా ఒకటొకటే ఆరిపోతే ఇన్సులిన్ ఎక్కడినుంచి వస్తుంది? అదే చక్కెర వ్యాధి.

కణానికి ఈ కబురు ఎలా అందుతుందో ముందుగా బోధపడింది మనుషుల్లో కాదు, రొట్టెల పిండి పులియబెట్టే ఈస్టులో. జపాన్ దేశస్థుడు కజుటోషి మోరి, అమెరికాలో పనిచేసే పీటర్ వాల్టర్ 1993లో విడివిడిగా దీని మొదటి గుట్టు విప్పారు. 2014లో ఇద్దరికీ కలిపి లాస్కర్ బహుమతి ఇచ్చారు. ఈస్టు సంగతి మనకెందుకని ఆనాడు వాళ్లు ఊరుకుని ఉంటే, ఈనాడు మా పక్కింటి బిడ్డ జబ్బేమిటో ఎవరికీ బోధపడేది కాదు.

ఇక ఆ బిడ్డ సంగతి. వాడి ఇన్సులిన్ జన్యువులో ఒక్క అక్షరం మారింది. దానివల్ల దండలో ఒక పూస మారి, ఒక కొక్కెం పడవలసిన చోట పడలేదు. ఇలాంటి తేడా ఉన్న ఎలుకలను జపాన్‌వారు 1997లోనే వర్ణించారు. వాటిని అకిటా ఎలుకలంటారు. మనుషుల్లోనూ, పుట్టిన కొద్ది నెలలకే షుగరు వచ్చిన పసివాళ్లలో, ఇలాంటి మార్పులే ఉన్నాయని 2007లో బయటపడింది. మనకు ప్రతి జన్యువూ రెండు ప్రతులుంటుంది, ఒకటి తల్లి వైపుది, ఒకటి తండ్రి వైపుది. ఒకటి చెడినా రెండోది బాగుంది కదా, సగం ఇన్సులిన్ అయినా తయారు కావాలి కదా అని నేను అడిగాను. “మీ నూనె సంగతే మళ్లీ చెప్పుకోండి” అంది డాక్టరమ్మ నవ్వి. చెడ్డవి మంచివాటిని కూడా చెడగొడతాయి. అదీ కిటుకు.

మరి ఈ మార్పు ఎక్కడినుంచి వచ్చింది? తల్లికీ తండ్రికీ పరీక్ష చేశారు. ఇద్దరిలోనూ లేదు. ఈ రకం జబ్బులో చాలామంది బిడ్డలకు అంతేనట. బిడ్డ కడుపున పడే వేళకే కొత్తగా జరిగిన మార్పు అది. ఎత్తి రాసేటప్పుడు ఒక అక్షరం తప్పుపోయినట్టు. అది ఏడో నెలలో ఏడ్చినందుకు వచ్చింది కాదు, మామిడిపళ్లు తిన్నందుకు వచ్చింది కాదు, గ్రహణం నాడు బయటకు వచ్చినందుకు అసలే కాదు. తాతగారు పోకముందే, ఆ పిల్లకు నెల తప్పిందని తెలియకముందే, ఆ అక్షరం మారిపోయింది.

కణాల ఒత్తిడి వల్ల వచ్చే అరుదైన షుగర్లు మరి రెండున్నాయి. ఇవి కూడా మీకు తెలియాలి, ఎందుకంటే వీటికి మన సంబంధాలతో కొంత ముడి ఉంది.

ఒకదాని పేరు వోల్కాట్–రాలిసన్ జబ్బు. 1972లో ఆ పేర్లు గల ఇద్దరు డాక్టర్లు ఒకే తల్లి బిడ్డలు ముగ్గురిలో చూసి రాశారు. దాని జన్యువు 2000లో దొరికింది. ఇందాక మంట తగ్గించడం అన్నానే, ఆ పని చేసే ప్రొటీను ఈ బిడ్డల్లో పనిచెయ్యదు. మూకుట్లో మాడుతున్నా మంట తగ్గించే చెయ్యి లేదన్నమాట. సాధారణంగా ఆరు నెలల లోపే షుగరు వస్తుంది. తర్వాత ఎముకలు సరిగ్గా ఎదగవు. జ్వరం వంటిది వచ్చినప్పుడు కాలేయం ఉన్నట్టుండి దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది వోల్ఫ్రామ్ జబ్బు. 1938లో అమెరికాలో వోల్ఫ్రామ్, వాగెనర్ అనే డాక్టర్లు ఒక ఇంట్లో ఎనిమిది మంది పిల్లల్లో నలుగురికి షుగరుతో పాటు చూపు పోవడం గమనించి రాశారు. 60 ఏళ్లకు, 1998లో, దాని జన్యువు బయటపడింది. దానివల్ల తయారయ్యే ప్రొటీను మడతగది గోడలోనే ఉండి, లోపలి కాల్షియం పాళ్లు కనిపెడుతూ, కణం అనవసరంగా గాభరా పడకుండా చూస్తుంది. పెళ్లివారింట్లో వంటశాల అజమాయిషీ చేసే పెద్దావిడ లాంటిది. ఆవిడ లేకపోతే బీటా కణాలే కాదు, కంటి నరం, చెవి, మెదడులోని కణాలు కూడా మెల్లమెల్లగా దెబ్బతింటాయి. ఆరేళ్ల ప్రాంతంలో షుగరు, పదకొండేళ్ల ప్రాంతంలో చూపు తగ్గడం, ఆపైన వినికిడి తగ్గడం, చక్కెర అదుపులో ఉన్నా అతిగా మూత్రం పోవడం, ఇదీ వరస. ఇంగ్లండులో లెక్క వేస్తే 7,70,000 మందిలో ఒకరికి ఉందట. చాలా అరుదే. కాని ఆ ఒక్కరు మన ఇంట్లో ఉంటే మనకు అది అరుదు కాదు గదా?

ఈ రెండు జబ్బులూ సాధారణంగా తల్లి వైపు ప్రతి, తండ్రి వైపు ప్రతి రెండూ చెడినప్పుడే వస్తాయి. ఒక్కటే చెడితే మనిషికి చెప్పుకోదగ్గ బాధేమీ ఉండదు. తనలో అలాంటిది ఉందనే తెలియదు. అలాంటి ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పరాయి సంబంధమైతే ఇద్దరిలోనూ ఒకే తేడా ఉండడం బహు అరుదు. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది, తాతగారి నగ ఇద్దరు మనవల ఇళ్లకూ చేరినట్టు, ఒకే తేడా రెండు వైపులకూ చేరి ఉండవచ్చు. దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో, పసిబిడ్డల శాశ్వతపు షుగరుకు వోల్కాట్–రాలిసన్ జబ్బే ముఖ్య కారణంగా కనిపిస్తోందని డాక్టర్లు చెబుతున్నారు.

ఇక్కడ నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మాది మేనరికమే. మా వారు నా మేనమామ కొడుకు. మా పిల్లలిద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. అందుకని మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ జబ్బులుంటాయని నేను అనను, ఎవరినీ భయపెట్టను. అయితే ఇప్పుడు మా అన్నయ్య తన కొడుక్కి మా అమ్మాయిని అడుగుతున్నాడు. పిల్లవాడు బుద్ధిమంతుడు. మరి మా తాతగారి తరంలో ఒకావిడకు ఇద్దరు పసిబిడ్డలు ఏడాది లోపే పోయారు, ఎందుకు పోయారో ఎవరికీ తెలియదు. “అన్నయ్యా, ముందు జన్యువుల సంగతి తెలిసిన డాక్టరును కలిసి మాట్లాడదాం. ఆ తర్వాతే ముహూర్తం మాట” అన్నాను. వదిన ముఖం చిన్నబుచ్చుకుంది. నాకూ బాధగానే ఉంది. అయినా ఇవాళ అడగడానికి మొహమాటపడి, రేపు నా కూతుర్ని ఏ గుమ్మం దగ్గరో నిలబెట్టి ఏడిపించలేను.

పరీక్ష చేయించి లాభమేమిటి, ఎలాగూ సూదిమందే కదా అంటారేమో. అలా కాదు. పసిబిడ్డల షుగరులో ఇంకో రకం ఉంది. అందులో కణం ఇన్సులిన్ తయారు చేస్తుంది గాని, దాన్ని బయటకు వదిలే తలుపు తెరుచుకోదు. ఇది ఒత్తిడి జబ్బు కాదు. దాని జన్యువు 2004లో తెలిసింది. 2006లో ప్రకటించిన ఒక పరిశీలనలో, అటువంటి 49 మందిలో 44 మంది ఇన్సులిన్ సూదులు మాని మాత్రలకు మారగలిగారు! పైకి చూస్తే రెండు రకాలూ ఒకటే. ఏది ఏదో తేల్చేది జన్యు పరీక్ష ఒక్కటే. మా పక్కింటి బిడ్డకు ఆ అదృష్టం లేదు, సూదే గతి. కాని ఆ సంగతి ఖాయంగా తెలిసింది. ఈ పరీక్షలు మన దేశంలోనూ జరుగుతున్నాయి. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ఈ పనిలో పేరు పొందింది.

ఇక మనం గుర్తుంచుకోవలసినవి నాలుగు మాటల్లో చెబుతాను.

పాలు బాగా తాగుతూ కూడా బిడ్డ చిక్కిపోతుంటే, మాటిమాటికీ గుడ్డలు తడిపేస్తుంటే, గుడ్డలకు చీమలు పడుతుంటే, ఆయాసపడుతుంటే, దిష్టి తీసి ఊరుకోకండి. ఒక్క నెత్తురు చుక్కతో చక్కెర ఎంతుందో తెలిసిపోతుంది. ఆ రోజే చేయించండి.

ఆరు నెలల లోపు బిడ్డకు షుగరు అని తేలితే, జన్యు పరీక్ష సంగతి డాక్టరును మీరే అడగండి. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య వచ్చినా అడగడంలో తప్పు లేదు.

షుగరు ఉన్న బడిపిల్లలకు కొద్ది ఏళ్లకే చూపు మందగించి, అద్దాలు మార్చినా మెరుగు కనిపించకపోతే, “షుగరు వల్లే లెండి” అని సరిపెట్టుకోకండి. కంటి నరం చూడమని అడగండి. చెవులు కూడా పరీక్ష చేయించండి. వోల్ఫ్రామ్ జబ్బును పూర్తిగా కుదిర్చే మందు ఇంకా లేదు. కణం మీది ఒత్తిడిని తగ్గించే మందుల కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. కాని ముందుగా తెలిస్తే ఆ బిడ్డ చదువుకూ, చూపుకూ తగిన ఏర్పాటు చేసుకోవచ్చు.

నాలుగోది, అన్నిటికంటె ముఖ్యం. ఎవరో పసరు ఇస్తామన్నారని పిల్లల ఇన్సులిన్ ఒక్క పూట కూడా మాన్పించకండి.

చివరగా మా పక్కింటి మాట. డాక్టరమ్మ చెప్పిందంతా ఆ అత్తగారికి నా కజ్జికాయల లెక్కలోనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. “అయితే వదినగారూ, అది ఏడ్చినందుకు కాదన్నమాట” అంది చివరికి. “కాదండీ” అన్నాను. ఆ రాత్రి కోడలికి తనే అన్నం కలిపి పెట్టిందట. ఇప్పుడు మనవడికి పది నెలలు. గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. ఏ వేళకు సూది వెయ్యాలో గడియారం చూసి గుర్తు చేసేది ఆ బామ్మగారే.

మీ ఇరుగుపొరుగున ఏ బిడ్డకైనా ఇలాంటి జబ్బు వస్తే, “తల్లి ఏం తిన్నదో, ఏం చేసిందో” అని అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ తల్లి ఆ ప్రశ్న అప్పటికే తనను తాను నూరుసార్లు అడుక్కుని ఉంటుంది. వీలైతే మీరు జవాబు చెప్పండి, “నీ తప్పు కాదమ్మా” అని.